మోకులో నీలి దారం

అతను బతుకులో సగం వెనక్కి నడిచాడు. మాటవరసకి అంటున్నది కాదు, తాళ్లు పేనేవాడి పనే అది. నడుముకి నార చుట్టుకుని, దాని కొసని చక్రానికున్న కొక్కేనికి తగిలించి, అవతల చక్రం తిరుగుతుంటే ఇవతల వేళ్ల సందుల్లోంచి నార వదులుతూ ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ పోవాలి. రేవు పక్కన వాళ్ల కొట్టం పొడవు రెండువందల డెబ్బై అంగలు. రోజుకి ఇరవైసార్లు ఆ చివరిదాకా వెనక్కి నడవడం, ఖాళీ చేతుల్తో ముందుకి తిరిగి రావడం. నలభై ఏడేళ్లు అలా నడిచాడు. కొట్టంలో పనిలేని పెద్దమనిషి ఒకాయన బొగ్గుముక్కతో గోడమీద గీసి గీసి, ఇతను వెనక్కి నడిచిన దూరమంతా కలిపితే భూమిని ఒక చుట్టు చుట్టి ఇంకా కొంత మిగులుతుందని తేల్చాడు. "అయితే బయల్దేరిన చోటికే వచ్చావన్నమాట!" అని అందరూ విరగబడి నవ్వారు. అతనూ నవ్వాడు. అప్పటికి నవ్వడం మళ్లీ అలవాటైంది.

అందరూ అతన్ని వెనకడుగు అనేవాళ్లు. మంచి రోజుల్లో అది వట్టి ఎగతాళి. యుద్ధం వచ్చాక ఆ పేరు కాస్త గుచ్చుకునేది, ఎందుకంటే ఊళ్లో మగవాళ్లంతా ముందుకి వెళ్తున్నారు. అప్పుడు తమ్ముడే అన్న పక్షాన నిలబడేవాడు. "మా అన్నయ్య వెనకడుగు వేస్తేనే మా ఓడ ముందుకెళ్తుంది. మీలో ఎవరికైనా ఆ యోగం ఉందా?" అని పదిమందిలో నిలబెట్టి అడిగేవాడు.

తమ్ముడు అతనికన్నా పదకొండేళ్లు చిన్న. వాడూ మొదట్లో కొట్టంలోనే చేశాడు గానీ, వాడి కాళ్లకి ఈ నడక పడలేదు. ఎంతసేపూ వదిలేసి వచ్చిన చోటునే చూస్తూ నడవడం ఏం బతుకన్నయ్యా అనేవాడు. యుద్ధనౌకలో చేరిపోయాడు. తాళ్ల సంగతి తెలిసినవాడు కదా అని అక్కడా తాళ్ల దగ్గరే పెట్టారు. ఓడ వెనక భాగంలో లంగరు మోకు వాడి బాధ్యత. కానీ రేవులో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే కొట్టం గుమ్మంలో కనపడేవాడు. అన్న వెనక్కి నడుస్తూ అవతలి చివరికి చేరేసరికి గట్టిగా అరిచేవాడు: "వెనక గోడ! చూసుకో!" ఇన్నేళ్లలో అన్న ఒక్కసారి కూడా గోడకి కొట్టుకోలేదు. అయినా వాడు అరవడం మానలేదు, అన్న విసుక్కోవడమూ మానలేదు.

తమ్ముడి భార్య కొట్టంలో చక్రం తిప్పేది. ఈ చక్రం గురించి రెండు ముక్కలు చెప్పాలి. నారని దారాలు చేస్తారు, దారాలు కలిపి పేట చేస్తారు, మూడు పేటలు కలిపి మోకు చేస్తారు. ప్రతి మెట్టులోనూ వడి, అంటే మెలి, తిరగాలి, ఆ వడే తాడుకి ప్రాణం. చక్రం మీద చెయ్యి తీస్తే పేటలో బిగిసిన వడి చక్రాన్ని గిర్రున వెనక్కి తిప్పేస్తుంది. అందుకని చెయ్యి తీసేముందు చక్రం కంతలో చీల దూర్చాలి. జానెడు కర్రముక్క అది. కొట్టంలో ఎన్ని తప్పులు చేసినా మేస్త్రీ తిట్టి వదిలేస్తాడు గానీ, చీల పెట్టకుండా చెయ్యి తీస్తే ఆ పూటే పనిలోంచి తీసేస్తాడు. వడి తప్పిన పేటని ఎంత తిప్పినా మళ్లీ అంతటా సమంగా బిగవదు. ఎక్కడో ఒకచోట వదులు ఉండిపోతుంది. పైకి మాత్రం కనపడదు. పేనిన చెయ్యికి తెలుస్తుందంతే.

ఇంకొకటి కూడా ఉంది. ఎవరు పేనిన మోకులో వాళ్ల రంగు దారం ఒకటి కలుపుతారు, మూడో పేట నడిబొడ్డున, కొసనుంచి కొసదాకా. తాడు ఎక్కడ తెగినా విప్పి చూస్తే ఎవరి చేతిదో తెలిసిపోతుంది. అతని దారం నీలం. అంతకుముందు అతని తండ్రిదీ నీలమే. ఆ రంగుకి మాట రాకుండా ఇద్దరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశారు.

యుద్ధం మొదలై అప్పటికి మూడో ఏడు. శత్రుసైన్యం సముద్రం దాటి వచ్చి సగం దేశం మింగేసింది. అరవైవేలమంది. ఇక ఈ ఊరి గోడలే మిగిలాయి. యుద్ధం అంటే కత్తులనీ ఫిరంగులనీ అనుకుంటారు జనం. అరవైవేల నోళ్లకి రోజూ రెండుపూటలా తిండి పెట్టాలని ఎవరికీ తోచదు. వాళ్ల తిండిగింజలు, గుర్రాల మేత, ఫిరంగి మందు, కాళ్ల జోళ్లతో సహా అన్నీ ఓడల్లోనే రావాలి. చలికాలానికి సరిపడా సరుకుతో వాళ్ల ఓడలు బయల్దేరాయని, ముందు ముప్ఫైనాలుగు యుద్ధనౌకలు దారి చేసుకుంటూ వస్తున్నాయని కబురొచ్చింది. మనవి పదకొండు. ఆ సరుకు ఒడ్డుకి చేరితే ఊరు పోయినట్టే. తాడో పేడో తేలిపోయే సమయం వచ్చిందని వీధిలో ప్రతివాడూ అనేవాడు. తాడు సంగతి ఎవరికి తెలుసు గనక.

తమ్ముడి ఓడకి వెనక లంగరు మోకు పాతబడింది, కొత్తది కావాలన్నారు. నాలుగు రోజుల పని రెండురోజుల్లో తేల్చాలి. రెండో రోజు మధ్యాహ్నానికి రెండు పేటలు అయ్యాయి. మూడో పేటకి వడి ఎక్కిస్తున్నారు. మరదలు చక్రం దగ్గర, అతను అవతలి చివర పేట కొసని రెండు చేతులా పట్టుకుని. అప్పుడు గుమ్మంలోకి తమ్ముడొచ్చాడు, భుజాన సంచితో. మర్నాడు వెళ్లాల్సిన ఓడ ఆ సాయంత్రమే వెళ్తోంది.

రెండువందల డెబ్బై అంగల దూరం నుంచి అతను చూశాడు. ఆమె చెయ్యి చక్రాన్ని వదిలింది. చీల తగిలించి ఉన్న మేకువైపు ఆ చెయ్యి వెళ్లలేదు. చేతిలో కర్రలా బిగిసిన పేట ఒక్కసారిగా తడిబట్టలా మెత్తబడింది. ఆ చివర ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. మేస్త్రీ తారు బానల దగ్గర ఉన్నాడు, ఇటు చూడలేదు.

కేక వెయ్యాలి. పేట మొత్తం విప్పి దారాలు మళ్లీ పరవాలి. అలా చేస్తే మోకు ఓడకి అందదు, మరదలి పని పోతుంది. అవన్నీ తర్వాత అతను తనకి తాను చెప్పుకున్న కారణాలు. ఆ క్షణాన అతనికి తోచింది ఒక్కటే, ఆ ఇద్దర్నీ కదపడానికి నోరు రాలేదు. వెనక లంగరు మోకు ఎప్పుడో గాని దించరులే అనుకున్నాడు. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని చక్రం దగ్గరికొచ్చింది, జారిన వడి మళ్లీ ఎక్కించింది. తమ్ముడు గుమ్మంలోంచి చెయ్యి ఊపి, నవ్వుతూ అరిచాడు: "అన్నయ్యా! వెనక గోడ! చూసుకో!"

అతను కదలకుండా నిలబడి ఉన్నాడప్పుడు. గోడకి కొట్టుకునే సమస్యే లేదు. అందుకే వాడికి అంత నవ్వొచ్చింది. వాడి గొంతు వినడం అదే ఆఖరు.

ఆ పొద్దుగూకేలోపే మూడు పేటలూ కలిపి మోకు చేసి, తడి తారు ఆరకుండానే పడవలో వేసి ఓడకి పంపారు.

తొమ్మిదో రోజున యుద్ధం జరిగింది. ఊరికి ఎగువన సముద్రం ఇరుకైన చోట, నీళ్లు చూడడానికి వెడల్పే గానీ లోతు నడిమధ్యన ఒక్క పాయలోనే ఉంది. అటూ ఇటూ ఇసుకమేటలు. మన ఓడలు ఆ పాయకి రెండువైపులా వరసగా నిలబడ్డాయి, అల తోసినా పక్కకి తిరక్కుండా ముందో లంగరు, వెనకో లంగరు దించుకుని. వచ్చేవాళ్లని వచ్చినట్టు కొట్టడం మనవాళ్ల ఎత్తు. గాలి వీపున పెట్టుకుని దూసుకుపోవడం వాళ్ల ఎత్తు. పది మునిగినా ఇరవై దాటుతాయి, సరుకు ఒడ్డుకి చేరుతుంది. ఈ సంగతి మనవాళ్లకీ తెలుసు.

శత్రువుల మొదటి ఓడ పాయలోకి వచ్చేసరికి మన వరసలో మూడో ఓడ వెనక లంగరు మోకు పోయింది. పోటు మీదున్న నీళ్లు ఓడ వెనక భాగాన్ని తోసుకుంటూ పోయి, ముందు లంగరు మీదే తిప్పి, పాయకి అడ్డంగా పడేశాయి. తలుపుకి గడియ వేసినట్టయింది. తెరచాపలన్నీ ఎత్తుకుని వస్తున్న శత్రునౌక ఆగలేక వచ్చి దాని నడుముకి గుద్దింది. దాని వెనకది దాన్ని గుద్దింది. మూడోది తప్పుకోబోయి ఇసుకలో కూరుకుంది. ఆ వెనక వచ్చినవి వెనక్కి తిరిగే చోటు లేక గుంపుగా ఇరుక్కుపోయాయి. రెండువైపుల నుంచీ మన ఫిరంగులు సాయంత్రందాకా ఆగలేదు. ఇరవై ఒక్క ఓడలు కాలిపోయాయో లొంగిపోయాయో. మిగతావి సరుకు ఓడల్ని వెంటేసుకుని వచ్చిన దారే పట్టాయి.

ఊరి బయట అరవైవేలమంది నలభై రోజులు ఎదురుచూశారు. గింజలు అయిపోయాయి, గుర్రాల్ని తిన్నారు, చలి మొదలైంది. ఒక్క గుండు పేలకుండా గుడారాలు ఎత్తేసి నడుచుకుంటూ పోయారు. మూడేళ్లుగా నేలమీద ఎన్ని తలలు తెగినా అంగుళం కదలని యుద్ధం, నీళ్లమీద ఒక్క పగటిపూట మొగ్గు మార్చుకుంది. వసంతానికల్లా సంధి అయింది.

అడ్డంపడిన ఓడ ముక్కలైపోయింది. అందులో నూటనలభై మూడుమంది పోయారు. తమ్ముడు అందులో ఒకడు.

కబురొచ్చిన రోజు ఊరంతా వీధుల్లో ఉంది. కొత్తవాళ్లని కూడా కౌగిలించుకుంటున్నారు. అతను ఆ జనంలోంచే ఇంటికి నడిచాడు. ఎవరో అతని చేతులు పట్టుకుని, "మీ తమ్ముడి ఓడే కదయ్యా మనల్ని గట్టెక్కించింది!" అని ఏడ్చారు. కెప్టెన్ కావాలనే మోకు నరికించి ఓడని అడ్డం వేశాడని అప్పటికే ఊరంతా చెప్పుకుంటోంది.  మోకు ఎందుకు పోయిందో అతనికి తెలుసు. గట్టి మోకు పేని ఉంటే తమ్ముడు బతికేవాడేమో. గట్టి మోకు పేని ఉంటే ఈ వీధిలో ఈ మనుషులు ఉండేవాళ్లు కాదేమో. ఏడవాలో సంతోషించాలో తేల్చుకోలేక, ఏదీ చెయ్యకుండా అలాగే ఉండిపోయాడు. భార్య ఎన్నోసార్లు అడిగింది. "ఏవండీ, ఆ కడుపులో ఉన్నదేదో కక్కెయ్యండి, లేకపోతే అదే మిమ్మల్ని తినేస్తుంది," అంది. అతను లేచి కొట్టానికి పోయేవాడు. చెబితే చీల సంగతి బయటికొస్తుంది. చీల పెట్టకపోవడం వల్లే మోకు తెగిందని తెలిస్తే మరదలు బతకదని అతని భయం.

మరదలు నెల తిరక్కుండా మళ్లీ చక్రం దగ్గరికొచ్చింది. చీలకి పురికొస కట్టి, దాని రెండో కొసని మణికట్టుకి కట్టుకుంది. మంచినీళ్లకి వెళ్లినా అది చేతికి వేలాడుతూ ఉండేది. ఇదేం పిచ్చి అనుకున్నారు పక్కవాళ్లు. అతను ఇంకో విధంగా మారాడు. తాడు పేనేవాడి కళ్లు ఎదుటి చక్రం మీద ఉండాలి. అతను మాత్రం కళ్లు దించుకుని, తన వేళ్లనే చూసుకుంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. గుమ్మంలోంచి అరిచేవాళ్లు ఎవరూ లేరు. ఐదేళ్లు అలా గడిచాయి.

ఐదో ఏడు నౌకాదళం నుంచి ఒక అధికారి వచ్చాడు. యుద్ధచరిత్ర రాసే మనిషి, మాట మెత్తన. రేవులో పెద్ద రాయి నిలబెడుతున్నారట. పాయలోంచి ఫిరంగులు పైకి తీస్తుంటే బురదలో మోకుముక్క ఒకటి దొరికింది, గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"ఆ ఓడనుంచి బయటపడ్డవాళ్లు పదకొండుమంది. ఒకడు మోకు నరికారంటాడు, ఒకడు ఫిరంగిలా పేలి తెగిందంటాడు," అన్నాడు అధికారి. "మోకు దగ్గరున్నది నీ తమ్ముడు. కెప్టెన్ మాట మీద అతనే నరికాడని రాయి మీద చెక్కిద్దామని మా ఉద్దేశం. కెప్టెన్ పేరు పక్కన అతని పేరు. నీళ్లలో నాని కొస పాడైంది, మాకు తెలియడం లేదు. నువ్వు ఈ పనిలో తలపండినవాడివి. నీ ఒక్క మాట చాలు."

అతను ఆ ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. కొస బురదపట్టి నల్లగా ఉంది.

"రేపు చెబుతానయ్యా. విప్పి చూడాలి," అన్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక కొట్టంలో బల్లమీద పెట్టి విప్పడం మొదలుపెట్టాడు. ఒక్క మాటతో తమ్ముడి పేరు రాయికెక్కుతుంది. అవునంటే చాలు. మరదలు తలెత్తుకుని తిరుగుతుంది, చీల సంగతి తనతోనే మట్టిలో కలిసిపోతుంది. ఎవరికి నష్టం? అలా అనుకుంటూనే మూడో పేట విప్పాడు. లోపల నీలి దారం రంగు పోలేదు. మొదటి రెండు పేటలూ బరువుకి నలిగి చీపురుకట్టల్లా విచ్చుకుని ఉన్నాయి. మూడోది వదులుగా ఉండి బరువు మొయ్యలేదు, ఆ రెండిటికన్నా జానెడు పొడుగ్గా మిగిలి అన్నిటికన్నా ఆఖర్న తెగింది. గొడ్డలి తాకిన గుర్తు ఎక్కడా లేదు.

"నీలి దారమేనా?"

తలెత్తాడు. మరదలు బల్లకి అవతల నిలబడి ఉంది, మణికట్టుకి చీల వేలాడుతూ.

"మనదే," అన్నాడు.

"నరికిందా, తెగిందా బావగారూ?"

అతను ముక్కని గుడ్డలో చుట్టబోయాడు. మాట దాటేద్దామని చూశాడు గానీ ఆమె ఆగలేదు.

"నేను ఆరోజు చీల పెట్టలేదు. చక్రం వెనక్కి తిరగడం నాకు వినపడింది. వినపడినా కదల్లేదు. ఆయన్ని వదలబుద్ధి కాలేదు."

"నా చేతికీ తెలిసిందమ్మా. అప్పుడే కేకెయ్యాల్సింది. వెయ్యలేదు."

"ఎందుకు వెయ్యలేదు?"

"మీరిద్దరూ నిలబడున్నారు," అన్నాడు అతను. 

ఆమె బల్ల అంచు పట్టుకుని కూలబడింది. చాలాసేపు ఏడ్చింది, మొగుడు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. తర్వాత ముక్కు తుడుచుకుని, "మరి ఇన్నేళ్లూ తల దించుకుని నడుస్తున్నారే. నా తప్పు మీకు తెలిసిపోయిందని, నా మొహం చూడలేకపోతున్నారని అనుకున్నా. రోజూ అదే అనుకుంటూ తిప్పా," అంది.

"అయ్యో తల్లీ. నీకు తెలియకూడదని దించుకున్నా. నా మొహంలో కనపడిపోతుందేమోనని."

ఒకరి గురించి ఒకరు భయపడుతూ, ఒకే తాడుకి రెండు చివర్లా నిలబడి ఐదేళ్లు గడిపారు ఇద్దరూ. ఇంతకన్నా తెలివితక్కువ పని ఉంటుందా అనిపించింది అతనికి. నవ్వు కూడా రాబోయింది, రాలేదు.

అధికారి అడిగింది మొత్తం ఆమెకి చెప్పాడు. "అవునంటే వాడి పేరు రాయికెక్కుతుంది. నువ్వెలా అంటే అలా," అన్నాడు.

ఆమె మోకుముక్కని దగ్గరికి లాక్కుని వదులు పేటని వేళ్లతో తడిమింది.

"నరికాడంటే గొప్పే. నాకూ గొప్పే," అంది. "కానీ ఆయన మోకు పట్టుకునే మనిషి బావగారూ. ఓడ కొట్టుకుపోకుండా పట్టుకోవడానికే అక్కడున్నాడు. తెగేదాకా పట్టుకునే ఉండుంటాడు. అలాంటివాణ్ణి పట్టుకుని నరికాడని రాస్తే ఎలా? ఆయన చివరిగా చేసిన పని ఆయనకి కాకుండా చేస్తామా?"

మర్నాడు ఇద్దరూ కలిసే వెళ్లారు. అతను నిలబడే చెప్పాడు, పూసగుచ్చినట్టు. పేట మెత్తబడిన సంగతి, తను నోరు మూసుకున్న సంగతి. చీల మాట అతను దాటవెయ్యబోతే ఆమే అందుకుని చెప్పింది. అధికారి కలం కింద పెట్టాడు.

"అంటే, ఇంత పెద్ద యుద్ధాన్ని గెలిపించింది తెగిపోయిన తాడని రాయమంటావా? అది విని ఎవరైనా ఛాతీ విరుచుకుంటారా?"

"ఏం రాస్తారో మీ ఇష్టం అయ్యా. మా శిక్షా మీ ఇష్టమే. వాడు నరికాడని మాత్రం రాయకండి."

"ఆ తాడు తెగకుండా ఆగి ఉంటే?"

ఐదేళ్లుగా అతను తనని తాను అడుగుతున్న ప్రశ్న అదే. "ఆగి ఉంటే మా తమ్ముడు ఉండేవాడేమో. మీరూ నేనూ ఉండేవాళ్లం కాదేమో. ఏం కోరుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదయ్యా. చెడ్డ తాడు పేనాను, అది మాత్రం తెలుసు."

శిక్ష ఏమీ పడలేదు. గెలిచిన యుద్ధం మీద విచారణ పెట్టేవాళ్లు ఎక్కడుంటారు? రాయి నిలబెట్టారు. ఆ ఓడ పాయకి అడ్డంపడి శత్రువుల దారి మూసిందని, అది ఎలా జరిగిందో తెలియదని చెక్కారు. తెలిసిన ఇద్దరూ వెళ్లి చెప్పొచ్చినా సరే, తెలియదు. కింద నూటనలభై మూడు పేర్లున్నాయి. తమ్ముడి పేరు డెబ్బై ఆరోది, అక్షరాలు కూడా మిగతావాటంతే ఉన్నాయి. ఆమె వేలితో దాన్ని ఒకసారి తుడిచి, "బాగుంది," అంది.

మేస్త్రీకి కూడా వాళ్లే చెప్పారు.  ముసలాయన చక్రం దగ్గరికి వెళ్లి చూసి, "రేపు చిన్న పడవలకి తాడు కావాలి. పెందలాడే రండి," అన్నాడు.

ఆ మర్నాడు అతను నడుముకి నార చుట్టుకున్నాడు. ఆమె చీలకున్న పురికొస మణికట్టు నుంచి విప్పి, చీలని దాని మేకుకి తగిలించింది. చక్రం మీద చెయ్యి వేసింది. అతను కొస కొక్కేనికి తగిలించి, తలెత్తి, ఆమె మొహంలోకి చూస్తూ మొదటి అడుగు వెనక్కి వేశాడు. వంద అంగలకి మొహం చిన్నదైంది. రెండువందలకి కళ్లూ ముక్కూ కలిసిపోయాయి. అతను చూపు తిప్పలేదు. నలిగిన వేళ్లలోంచి నార దానంతటదే జారుతోంది, అంగలు లెక్కపెట్టడం మరిచిపోయాడు. ఐదేళ్ల తర్వాత ఒక మనిషిని కళ్లారా చూడడంలో అతనికి ఇంకేమీ గుర్తులేదు.

"బావగారూ!" అని ఆ చివరనుంచి గొంతు చించుకుని అరిచింది ఆమె, చక్రం మీద చెయ్యి తియ్యకుండానే. "వెనక గోడ! చూసుకోండి!"

అతను ఆగాడు. గోడ నిజంగానే వెనక ఒక్క అడుగు దూరంలో ఉంది.